దారి పొడవునా వేడి మారుతుంటే చేప ఇంకా ఎన్ని రోజులు నిలుస్తుందో లెక్కగట్టడం ఎలా?

గట్టుమీది రైతు, ఉండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉండికీ ఆకివీడుకీ మధ్య మాకు చేపల చెరువులు ఉన్నాయి. పెంచేది ఎక్కువగా శీలావతి, కొంత బొచ్చె. ఇంతకాలం పట్టుబడి సరుకును గట్టు మీదే తూకం వేసి వ్యాపారులకు ఇచ్చేసేవాళ్లం కనుక, ఆ తరువాత అది ఎన్నాళ్లు నిలిచిందన్న ఆలోచన మాకు అవసరం పడలేదు. ఈమధ్య హైదరాబాదులోని ఒక దుకాణదారుకు నేరుగా పంపడం మొదలుపెట్టాం. ఆయన ప్రతి లోడుకూ "ఇది నా ఫ్రిజ్‌లో ఇంకా ఎన్ని రోజులు ఉంటుందో కాగితం మీద రాసి పంపండి" అని అడుగుతున్నారు. అడగడం న్యాయమే, కానీ ఏం రాయాలో తెలియడం లేదు.

అందుకని పావుగంటకొకసారి ఉష్ణోగ్రతను నమోదు చేసే చిన్న లాగర్ ఒకటి కొన్నాం. దాని సూదిని కిలోన్నర శీలావతి వీపు కండలోకి దించి, ఆ చేపను ట్రేల దొంతరలో నడిమి ట్రేలో పెట్టి పంపాం. వచ్చిన రికార్డు ఇలా ఉంది. వల లాగినప్పటి నుంచి ఐసు పడేదాకా మూడు గంటలు 30 డిగ్రీలు. ఐసు పడ్డాక గంట గంటకూ 22, 16, 11, 7, 4, 2 డిగ్రీలకు దిగింది. ఆపైన పద్నాలుగు గంటలు ఒక డిగ్రీ దగ్గరే నిలకడగా ఉంది. అక్కడ దింపుకున్నాక మార్కెట్టులో మూడు గంటలు సగటున 10 డిగ్రీలు. మొత్తం 26 గంటలకు సగటు తీస్తే 8 డిగ్రీలు వస్తోంది. 8 డిగ్రీల దగ్గర చేప ఎన్ని రోజులుంటుందో తెలుసుకుని, అందులోంచి 26 గంటలు తీసేసి రాస్తే సరిపోతుందా? లేక దీనికి వేరే సూత్రం ఏదైనా ఉందా?

ల్యాబ్ మనిషి, కాకినాడ

రైతుగారూ, సూది చేప కండలోకి దించడం చాలా మంచి పని. చాలామంది లాగర్‌ను ట్రే మీద పడేసి, గాలి వేడిని కొలిచి, దానినే చేప వేడి అనుకుంటారు. సగటు మాత్రం తీయకండి. ఎందుకో చివర చెబుతాను.

దీనికి సూత్రం ఉంది. 1973లో ఆస్ట్రేలియాలో జూన్ ఆలీ, డేవిడ్ రట్కోవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, రకరకాల చేపలు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పాడయ్యే తీరును పక్కపక్కన పెట్టి చూసి, సున్నా డిగ్రీల దగ్గర పాడయ్యే వేగాన్ని ఒకటి అనుకుంటే మిగతా ఉష్ణోగ్రతల దగ్గర ఆ వేగం ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది దాదాపు ఒకే గీత మీద నడుస్తోందని చూపించారు. తరువాత అది సులభమైన రూపానికి వచ్చింది. డిగ్రీలను పదితో భాగించి, ఒకటి కలిపి, వచ్చినదానిని దానితోనే గుణించాలి. 4 డిగ్రీలకు 1.4ను 1.4తో గుణిస్తే 1.96, అంటే ఐసులో కంటే రెట్టింపు వేగం. 10 డిగ్రీలకు నాలుగు రెట్లు. 30 డిగ్రీలకు పదహారు రెట్లు. మైనస్ పది దగ్గర ఈ లెక్క సున్నా అవుతుంది కానీ, చేప గడ్డకట్టడం మొదలైతే సంగతే మారిపోతుంది కనుక ఈ సూత్రాన్ని సున్నాకు కిందికి తీసుకుపోకండి.

ఇక మీ రికార్డును గంటలవారీగా కాక, "ఐసు గంటలు"గా మార్చుకోండి. ఒక గంట ఏ వేడి దగ్గర గడిచిందో ఆ వేగంతో గుణిస్తే, ఐసులో ఎన్ని గంటలకు సమానమైన ఆయువు అందులో ఖర్చయిందో వస్తుంది. గట్టు మీది మూడు గంటలు పదహారేసి చొప్పున 48. చల్లబడిన ఆరు గంటలకు, ఒక్కో గంటలో మధ్య ఉష్ణోగ్రత పట్టుకుని, అంటే 26, 19, 13.5, 9, 5.5, 3 డిగ్రీలుగా తీసుకుని లెక్కిస్తే, 35 దాకా వస్తుంది. లారీలో పద్నాలుగు గంటలకు 17. మార్కెట్టులో మూడు గంటలకు 12. మొత్తం 112 ఐసు గంటలు. గడియారం ప్రకారం మీ చేపకు ఒక రోజు మీద రెండు గంటలే అయినా, ఐసు లెక్కలో నాలుగు రోజుల పదహారు గంటలు ఖర్చయిపోయాయి. అందులో మూడింట రెండు వంతులకు పైగా లారీ కదలకముందు, ఇంకా చేప చల్లబడుతుండగానే పోయింది.

సగటు సంగతి ఇప్పుడు చూడండి. 8 డిగ్రీలకు వేగం 3.24, దానిని 26తో గుణిస్తే 84 గంటలే వస్తుంది. వేడి పెరిగేకొద్దీ వేగం అంతకంటే త్వరగా పెరుగుతుంది కనుక, వేడి గంటలు చేసే నష్టాన్ని చల్లటి గంటలు సగటులో కప్పేస్తాయి. ఉష్ణోగ్రత ఎంత ఎక్కువగా ఊగితే సగటు అంత ఎక్కువగా మోసం చేస్తుంది, అదీ ఎప్పుడూ చేప తాజాగా ఉందన్న వైపే.

మిగిలిన ఆయువు తెలియాలంటే మొత్తం ఆయువు తెలియాలి. వేడి ప్రాంతాల మంచినీటి కార్ప్ జాతులు, పట్టిన వెంటనే ఐసులో పెడితే, సుమారు రెండు నుంచి మూడు వారాలు తినదగినవిగా ఉంటాయి. ప్రస్తుతానికి 16 రోజులు అనుకుందాం. అందులో 4.7 పోతే 11.3 ఐసు రోజులు మిగిలాయి. దుకాణం ఫ్రిజ్ నిజంగా 4 డిగ్రీల దగ్గర ఉంటే 1.96తో భాగించండి. ఆరు రోజులకు కాస్త తక్కువ.

పాత ప్యాకింగ్ మేస్త్రి, కైకలూరు

సూత్రం చక్కగా ఉంది కానీ నాకు రెండు అనుమానాలు ఉన్నాయి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల సరుకును ట్రేలలో ఐసు వేసి బెంగాలుకూ అస్సాముకూ పంపడంలోనే నా వయసు గడిచింది. రోజుల తరబడి ప్రయాణం చేసి అక్కడ దిగిన చేపను వాళ్లు మొప్పలు ఎత్తి చూసి కొంటారు. గట్టు మీద రెండు మూడు గంటలు ఆగిన లోడులు కూడా చక్కగా అమ్ముడుపోవడం చూశాను. నీళ్లలోంచి తీసిన తొలి గంటల్లో చేప కండలో సూక్ష్మజీవులే ఉండవని అంటారు కదా, మరి ఆ మూడు గంటలకు పదహారు రెట్లు వేయడం న్యాయమేనా?

రెండవది, అన్ని చేపలూ ఒకటి కావు. సంచుల్లో కట్టిన తవుడు, చెక్క పట్టుబడి రోజు పొద్దుటి దాకా తిన్న చేపకూ, ముందురోజే మేత ఆపిన చేపకూ చాలా తేడా ఉంటుంది. కడుపు నిండుగా ఉన్న చేపకు పొట్ట ముందు మెత్తబడి, పక్కటెముకల దగ్గర కండ విడిపోతుంది. లాగర్ ఈ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. వల లాగేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడి నలిగిన అడుగు చేపల సంగతి సరే సరి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. 2018లో చేప పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న అనుమానంతో అస్సాం బయటి చేపల రాకను కొన్నాళ్లు ఆపివేసినప్పుడు, "మేము ఐసు తప్ప మరేమీ వేయలేదు" అని చెప్పడానికి మా దగ్గర నోటిమాట తప్ప ఆధారం లేదు. ఫార్మాలిన్ ఉందో లేదో తేల్చేది పరీక్షే అయినా, లోడుతో పాటు వేడి రికార్డు కూడా ఉంటే కొనేవాడికి కొంత నమ్మకం కుదిరేది.

ల్యాబ్ మనిషి, కాకినాడ

మేస్త్రిగారి మొదటి అనుమానం చాలా సరైనది. బతికున్న చేప కండలో సూక్ష్మజీవులు ఉండవు. అవి పైజిగురులో, మొప్పల్లో, పేగుల్లో ఉంటాయి. అవి పెరిగి, కండలోకి చొరబడి, వాసన పుట్టించడానికి వ్యవధి పడుతుంది. కనుక తొలి గంటలకు సూత్రం చూపే నష్టాన్ని గరిష్ఠ నష్టంగా తీసుకోవడమే మంచిది. అయితే ఆ గంటల్లో ఏమీ జరగదని కాదు. 30 డిగ్రీల దగ్గర చేప త్వరగా బిగుసుకుని, త్వరగా సడలుతుంది. కండలోని సొంత ఎంజైములూ, కడుపులోని జీర్ణరసాలూ పూర్తి వేగంతో పనిచేస్తాయి. మీరు చెప్పిన పొట్ట మెత్తబడడం ఆ పనే. ఆపైన, ఐసు పడేసరికి సూక్ష్మజీవుల సంఖ్య ఎంత పెరిగి ఉంటే, అంత పైమెట్టు నుంచి అవి ఐసులో ప్రయాణం మొదలుపెడతాయి. లోడు అమ్ముడుపోవడం ఒక కొలత, ఆ తరువాత ఎన్ని రోజులు నిలిచిందన్నది మరొక కొలత. మీరు చూసింది మొదటిది, రైతుగారిని అడుగుతున్నది రెండవది.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. నేనిచ్చిన మొదటి సూత్రం ప్రధానంగా చలిదేశాల చేపల మీద, సున్నా నుంచి పదిహేను డిగ్రీల లోపు బాగా నిలబడినది. వేడి ప్రాంతాల చేపలకు వేరొక సూత్రం ఉంది. డిగ్రీలను 0.12తో గుణించి, వచ్చినదానికి ఘాతాంక విలువ తీసుకోవాలి, అంటే ఎక్సెల్‌లో ఈఎక్స్‌పీ అనే ఫంక్షన్. దాని ప్రకారం 10 డిగ్రీలకు వేగం 3.3 మాత్రమే, కానీ 30 డిగ్రీలకు దాదాపు 37. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ఉచితంగా ఇస్తున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. లాగర్ రికార్డును అందులో ఎక్కించి చూసుకోవచ్చు కూడా.

రైతుగారి రికార్డునే ఈ రెండవ సూత్రంతో లెక్కిస్తే 112కు బదులు 179 ఐసు గంటలు, అంటే ఏడున్నర రోజులు ఖర్చయినట్టు తేలుతుంది. తేడా భయంకరంగా కనిపిస్తుంది. కానీ ముందుకు లెక్కించి చూడండి. పదహారులో ఏడున్నర పోతే మిగిలింది ఎనిమిదిన్నర. ఈ సూత్రంలో 4 డిగ్రీల వేగం 1.62 మాత్రమే కనుక భాగిస్తే అయిదు రోజుల ఆరు గంటలు వస్తుంది. మొదటి సూత్రం అయిదు రోజుల పద్దెనిమిది గంటలు చెప్పింది. గడిచినదాని మీద అంత గొడవపడిన రెండు సూత్రాలూ రాబోయేదాని మీద సగం రోజు తేడాతో కలిశాయి. ఎప్పుడూ ఇలాగే కలుస్తాయని కాదు. గట్టు మీద ఆరు గంటలు ఆగిన లోడుకు ఈ రెండూ కలవవు. అందుకే మీ దుకాణదారుకు రాసేటప్పుడు రెండింటిలో తక్కువ వచ్చిన అంకెనే రాయండి.

మేత విషయంలో మేస్త్రిగారిదే సరి. పట్టుబడికి ముందురోజు మేత ఆపడం ఏ సూత్రంలోనూ కనబడదు కానీ, మొత్తం ఆయువును అది మారుస్తుంది.

ఐసు ఫ్యాక్టరీ, ఆకివీడు

లెక్కలన్నీ చదివాను. నాకు అర్థమైనంతవరకు డబ్బు పెట్టవలసిన చోటు లారీ కాదు, గట్టు. లారీలో ఒక డిగ్రీని సున్నాకు తెస్తే పద్నాలుగు గంటలకు కలిసివచ్చేది మూడు ఐసు గంటలు. గట్టు మీద మూడు గంటల నిరీక్షణను అరగంటకు తెస్తే, మొదటి సూత్రం ప్రకారమే నలభై గంటలు కలిసివస్తాయి. అయినా అందరూ లారీకి మందపాటి థర్మాకోల్ గురించే అడుగుతారు.

ఐసు ఎంత కావాలో కూడా చెప్పేస్తాను. కిలో ఐసు కరిగితే 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. కిలో చేపను ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 0.8 కిలోకేలరీ తీయాలి. 30 డిగ్రీల వంద కిలోల చేపను సున్నాకు తేవాలంటే 2400 కిలోకేలరీలు, అంటే 30 కిలోల ఐసు కేవలం చల్లబరచడానికే నీరైపోతుంది. ఆ తరువాత ట్రే గోడల గుండా, లారీ పైకప్పు గుండా దారి పొడవునా లోపలికి వచ్చే వేడికి వేరే ఐసు కావాలి. ఎండాకాలంలో, దూరప్రయాణానికి, చేపకు సమానంగా ఐసు వేయమనేది అందుకే. దిగేటప్పుడు ట్రేలో ఇంకా ఐసు పలుకులు కనిపించాలి. నీళ్లు మాత్రమే కనిపిస్తే, ఎప్పటి నుంచి అవి నీళ్లుగా ఉన్నాయో లాగర్ ఒక్కటే చెప్పగలదు.

ఐసు ఉండడం వేరు, చేపకు తగలడం వేరు. దిమ్మను గునపంతో పొడిచి పిడికిలంత గడ్డలు వేస్తే, గడ్డకూ చేపకూ మధ్య గాలి ఉంటుంది. ఆ గాలి వేడిని మోయదు. పైగా గడ్డ అంచులు చేపను నొక్కి కండను కమిలిస్తాయి. మిషన్‌లో మెత్తగా నలిపిన ఐసును అడుగున ఒక పొర, చేపల మధ్య ఒక పొర, పైన ఒక పొర వేసి, కరిగిన నీరు చేప మీదుగా జారి అడుగు రంధ్రాల నుంచి పోయేలా చూడాలి. ఆ జారే చల్లని నీరే ఎక్కువ పని చేస్తుంది. మీ చేప 30 నుంచి 2కు దిగడానికి ఆరు గంటలు పట్టిందంటే, ఐసు చాలక కాదు, తగలకనే అని నా అనుమానం.

గట్టు మీదే ఒక తొట్టిలో ఐసూ నీళ్లూ కలిపి పెట్టుకుని, వలలోంచి తీసిన చేపను నేరుగా అందులో ముంచితే, చుట్టూ నీరు తగిలి ఉంటుంది కనుక కిలోన్నర చేప చాలా త్వరగా చల్లబడుతుంది, ఆ తరువాతే ట్రేలలో సర్దుకోవచ్చు. బొచ్చె విషయంలో జాగ్రత్త. మందం రెట్టింపైతే చల్లబడే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. నాలుగైదు కిలోల బొచ్చె నడిమి కండ చల్లబడటానికి శీలావతి రికార్డును నమ్ముకోకూడదు, సూదిని దానికే వేరుగా గుచ్చాలి.

చేపల దుకాణం, పాలకొల్లు

అమ్మేవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. "4 డిగ్రీల ఫ్రిజ్" అన్నది చాలా దుకాణాల్లో మీట మీద కనిపించే అంకె మాత్రమే. ఆదివారం ఉదయం గాజు తలుపు మూయడానికి తీరిక ఉండదు. ఫ్రిజ్ అంకెను నమ్మడం కంటే, లోపల కూడా చేపను ఐసు పొడిలోనే పాతిపెట్టడం మేలు. ఫ్రిజ్ ఊగినా, ఐసు కరుగుతున్నంతసేపూ చేప సున్నాను అంటిపెట్టుకునే ఉంటుంది. లేదా 8 డిగ్రీలుగా లెక్క వేయండి. ల్యాబ్‌వారి అంకెలతోనే చూస్తే మిగిలిన ఆరు రోజులు కాస్తా మూడున్నర రోజులవుతాయి.

కోసిన ముక్కలకు ఈ లెక్క అంటించకండి. పొలుసు తీసి, పొట్ట చీల్చి, అదే కత్తితో, అదే చెక్కదిమ్మ మీద ముక్కలు చేశాక, పైజిగురులోనూ పేగుల్లోనూ ఉన్నదంతా కండకు పూసినట్టే అవుతుంది.

ఇంకొక హెచ్చరిక ఉంది. నరసాపురం, అంతర్వేది వైపు నుంచి మాకు సముద్రపు చేప కూడా వస్తుంది. కానాగంతలు, సూర వంటి వాటిలో వాసన రాకముందే హిస్టమిన్ అనే పదార్థం తయారు కావచ్చు. కొద్ది గంటల వేడి తగిలితే చాలు, అది ఒకసారి పుట్టాక ఐసు వేసినా, పులుసు ఎంత మరిగించినా పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చేప తినడానికి బాగుందా అన్న సూత్రంతో, తింటే ప్రమాదమా అన్నది తేల్చకూడదు. చెరువు శీలావతికి ఈ భయం అంతగా లేదు కానీ, ఎవరైనా ఈ చర్చ చదివి కానాగంతలకు వాడతారేమోనని రాస్తున్నాను. పులస సంగతి కూడా వేరే. వరద నీటికి ఎదురెక్కే రోజుల్లో దాని ఒంటినిండా నూనె ఉంటుంది. ఐసులో సూక్ష్మజీవులు నెమ్మదించినా ఆ నూనె గాలికి ముక్కిపోతూనే ఉంటుంది. అంత ధర పెట్టి కొన్నవారు ఆరోజే వండుకుంటారు కాబట్టి సరిపోతోంది.

గట్టుమీది రైతు, ఉండి

అందరికీ ధన్యవాదాలు. లాగర్ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, పక్క వరుసల్లో రెండు సూత్రాలనూ పెట్టి, ప్రతి గడిని పావుగంటతో గుణించి, అన్నింటినీ కూడి చూశాను. గంటల అంకెలతో మీరు వేసినదానికి దగ్గరగానే వచ్చింది. వచ్చే పట్టుబడికి ఐసు తొట్టి ముందే గట్టు మీదికి చేర్చమని కూలీలతో చెప్పాను, మేత ముందురోజే ఆపుతాం. ఒక్కటే మిగిలింది. ల్యాబ్‌వారు పదహారు రోజులు "అనుకుందాం" అన్నారు. మా చెరువు చేపకు అది పదమూడో, ఇరవయ్యో ఎలా తెలుస్తుంది?

ల్యాబ్ మనిషి, కాకినాడ

మీరే తేల్చుకోవాలి, అది కష్టం కాదు. ఒకే పట్టుబడిలోంచి ఒకే పరిమాణంలో ఉన్న శీలావతులను పాతిక దాకా పక్కన పెట్టండి. వలలోంచి తీసిన వెంటనే ఐసు నీళ్లలో ముంచి, ఆపైన థర్మాకోల్ డబ్బాలో నలిపిన ఐసులో పాతి, నీరు పోయే రంధ్రం ఉంచి, రోజూ కొత్త ఐసు వేయండి. ఒక చేపలో లాగర్ సూది ఉండనివ్వండి. డబ్బా నిజంగా సున్నా దగ్గరే ఉందని అదే చెబుతుంది.

రెండు రోజులకొకసారి రెండు చేపలు తీసి, కన్ను ఉబ్బెత్తుగా ఉందా, గుంట పడిందా, మొప్పలు ఏ రంగు, మొప్పల వాసన ఏమిటి, పైజిగురు తేటగా ఉందా, పాలలా మారిందా, పొట్ట గట్టిగా ఉందా అని ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయండి. ఎక్కువ మార్కులంటే ఎక్కువ పాడైనట్టు. ఈ మార్కుల మొత్తం ఐసులో గడిచిన రోజులతో పాటు దాదాపు తిన్నని గీతలా పెరుగుతుంది. అదే రోజు ఒక ముక్కను ఉప్పు, కారం లేకుండా ఆవిరి మీద ఉడికించి, ఇంట్లో నలుగురి చేత వాసన చూపించండి. మొదట ఉండే తీపి రుచి సగం దారిలోనే పోతుంది, అప్పటికి చేప పాడైనట్టు కాదు, కానీ మంచి ధర పలికే రోజులు అక్కడితో సరి. ఉడికిన ముక్క వాసనకు నలుగురిలో ఇద్దరు మొహం తిప్పుకున్న రోజును ఆయువుకు చివరగా పట్టుకోండి.

ఎండాకాలంలో ఒకసారి, వర్షాలు పడ్డాక ఒకసారి ఈ పరీక్ష చేయండి. రెండింటిలో తక్కువ వచ్చినదానిని పదహారు స్థానంలో షీటులో వేసుకోండి. లారీ నుంచి దిగిన చేప మొప్పలకు కూడా అవే మార్కులు వేసి, షీటు చెప్పిన ఐసు రోజులతో పోల్చి చూడండి. గట్టు మీది గంటలకు ఏ సూత్రం మీకు సరిపోతుందో నాలుగైదు లోడులు దిగేసరికి ఆ పోలికలోనే బయటపడుతుంది.